రెండో గ్లాసు

పొద్దున లేవగానే పొయ్యి వెలిగించడం ఒకప్పుడు నా మొదటి పని. ఇప్పుడు అది రెండో పని అయింది. మొదట పెరట్లోకి వెళ్ళి కరెంటు ఎర్తు గుంటలో ఒక బిందెడు నీళ్ళు పోసి వస్తున్నాను. ఎనిమిదేళ్ళు ఆ పని మా మామ చేశాడు. ఆయన పోస్తుంటే నేను వంటింట్లోంచి వినేదాన్ని. నేలలో పాతిన ఇనుప గొట్టంలోకి నీళ్ళు ముందు గలగలమని దిగేవి, తర్వాత ఎవరో గుటకలు వేస్తున్నట్టు వినిపించేవి, చివర నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చేది. ఆ నిట్టూర్పు వినగానే కాఫీకి నీళ్ళు పెట్టేదాన్ని. ఇప్పుడు గొట్టం దగ్గర నేనే ఉంటున్నాను కాబట్టి, ఆ నిట్టూర్పు విని కాఫీకి నీళ్ళు పెట్టేవాళ్ళు వంటింట్లో ఎవరూ లేరు.

మా మామ పేరు మునెయ్య. కరెంటు ఆఫీసులో వైర్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాడు. మా ఇల్లు కనకమ్మ సత్రం అనే ఊళ్ళో, తిరువళ్ళూరు నుంచి తిరుత్తణికి పోయే రోడ్డుకు వెనక వీధిలో. అత్తను నేను చూడలేదు, నేను కాపురానికి రాకముందే పోయింది. మా ఆయన నాగలింగం తిరువళ్ళూరు బస్సు డిపోలో మెకానిక్కు. తెల్లారకముందే పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. మాకు పిల్లలు లేరు. అందుకని పగలంతా ఆ ఇంట్లో మామా, నేనూ. నేను నగరిలో అయిదో తరగతి దాకా తెలుగు చదువుకున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మామ తాగుబోతు కాడు. చదివేవాళ్ళు వేరుగా అనుకోకూడదని ముందే రాస్తున్నాను. ఆయన జీవితంలో తాగిన బీరు ఒక్క గ్లాసు. రెండో గ్లాసు తాగాలని పద్నాలుగేళ్ళు ఆలోచించాడు. నేను రాసేదంతా ఆ రెండో గ్లాసు గురించే.

మొదటి గ్లాసు ఆత్తిపట్టు పక్కన తాగాడు. అక్కడ పెద్ద కరెంటు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు మామను ఒక ఏడాది ఆ పనికి పంపారు. మిషన్లు బిగించడానికి ఒక దొర వచ్చాడు. ఆయనది ఏ దేశమో మామ ఒక్కోసారి ఒక్కోలా చెప్పేవాడు. ఆ దొర తన క్వార్టర్సు వరండాలో పాల క్యాన్లకు వేడిచేసే కరెంటు కాయిళ్ళు బిగించి, రాగి గొట్టం చుట్టి, తన బీరు తానే కాచుకునేవాడట. మిషన్ మొదటిసారి తిరిగిన రోజు మామ భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయి ఒక గ్లాసు ఇచ్చాడు.

మధ్యాహ్నాలు తిన్నాక మామ వసారాలో నులక మంచం మీద పడుకుని ఆ గ్లాసు గురించి చెప్పేవాడు. నేను పక్కన బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేదాన్ని.

"పైన తెల్లగా నురుగమ్మా. కింద బెల్లప్పాకం రంగు. మూతి కాడ పెట్టుకుంటే వాసన... వాన పడినంక గడ్డివామి కాడ నిలబడినట్టు వుండాది. ఆ గడ్డివామి మీద ఎవురో రొట్టె కాలస్తా వుండారు అనుకో."

"చేదా మామా?"

"చేదే. అయితే కాకరకాయ మాదిరి పోట్లాడే చేదు కాదు. వొచ్చి, పక్కన కూచుని, లేచి పోతుండే చేదు."

ఆ మాట వింటూ నేను రాళ్ళు ఏరడం మానేసి ఊరికే కూర్చుండిపోయేదాన్ని. వసారా తడిక సందుల్లోంచి ఎండ చారలుగా మంచం మీద పడేది. అందులో దుమ్ము తేలుతూ పైకి పోతుంటే, గ్లాసులో లేచే బుడగలు ఇలాగే ఉంటాయేమో అనిపించేది. నేను ఎన్నడూ చూడని గ్లాసు అది. అయినా ఈ రోజుకీ నాకు మా అమ్మ ముఖం కంటే అదే స్పష్టంగా కనబడుతుంది.

ఆ గ్లాసు తాగిన మరుసటి రోజే మామకు ఒక సంగతి తట్టిందట. అప్పుడు మన అరవ రాష్ట్రంలో తాగడం నేరం. దొరకు పర్మిట్టు ఉంది. మామకు లేదు. సర్వీసంతా ఒక్క కొక్కెం కనెక్షన్ ఇవ్వని మనిషి, ఎవరైనా దొంగ కరెంటు లాగితే సొంత తమ్ముడైనా తెంపేసిన మనిషి, ఒక గ్లాసు దగ్గర సట్టం తప్పాడు. అది ఆయనను ముల్లులా గుచ్చింది.

"మొదటిది తప్పుగా తాగినా," అనేవాడు. "రెండోది నాయంగా తాగాల. ఆ కాచేది గూడా నా చేత్తో, కరెంటుతో. కట్టెలతో కాచేదానికి నేను వైర్‌మ్యాన్ ఎందుకు అయినట్టు?"

నేను కాపురానికి వచ్చేటప్పటికే ప్లాను మొదలైంది. పాత క్యాలెండరు కాగితాల వెనక పెన్సిలుతో గీసేవాడు. మూడు క్యాన్లు. ఒకదాంట్లో వేడినీళ్ళు, ఒకదాంట్లో మొలకల పిండి, ఒకదాంట్లో కాచేది. పక్కన తమిళంలో రాతలు, ఇంగ్లీషు అంకెలు. నాకు అంకెలు, బొమ్మలు తెలుస్తాయి. అంతవరకు చాలు, ఎందుకంటే మిగతాది ఆయన చెప్పేవాడు.

మొలకల పని నాది. మామ తిరుత్తణి అంగట్లో బార్లీ తెచ్చాడు. మూడు రోజులు నానబెట్టి, గుడ్డలో కట్టి వేలాడదీశాను. మొలక రాలేదు, కంపు వచ్చింది. రెండోసారీ అంతే. అప్పుడు ఒక గింజ గోటితో చీల్చి చూశాను.

"మామా, ఇది ఒలిచి పాలిష్ పట్టిన గింజ. దీనికి మొలక వచ్చే మూతే లేదు. ఇది జరం వొచ్చినోళ్ళు తాగేదానికి తప్ప దేనికీ పనికిరాదు."

మామ ఆ గింజను చాలాసేపు చూశాడు. "దొరది మొలిచిందే" అన్నాడు చిన్నపిల్లవాడిలాగా.

"దొరకు బార్లీ. మనకు రాగులు. పిల్లోళ్ళకు మొలకట్టి పిండి చేయమా? తియ్యగా వుండదా?"

ఆ రోజు నుంచి ప్లానులో బార్లీ అని ఉన్నచోటల్లా కొట్టేసి రాగులు అని రాశాడు. అక్కడి నుంచి అది మా ఇద్దరి ప్లాను అయింది.

మొలకల పిండిని వేడినీళ్ళలో ఒక గంట ఒకే వేడిలో ఉంచాలి. ఎక్కువైతే చెడుతుంది, తగ్గితే తీపి దిగదు. మామ జ్వరం చూసే కొల బద్దను నీళ్ళలో పెట్టాడు. అది టప్‌మని పగిలింది. ఆ నీళ్ళు దూరంగా పారబోశాక నేనే చెప్పాను. "నా వేలు చాలు మామా. ముంచి, ఒకటి అని, రెండు అనేలోగా లాక్కోవాల్సి వొస్తే అదే వేడి." ఆయన తలూపి కాగితంలో అది కూడా రాశాడు. ఏమి రాశావని అడిగితే, "కస్తూరి వేలు, ఒకటి" అని చదివి వినిపించాడు.

ఇంకో చిక్కు కరెంటుది. చుట్టూ పొలాల్లో మోటార్లు వేస్తే మా ఇంట్లో బల్బు ఎర్రటి దారంలా మిగిలేది. వోల్టు మూడో వంతు పడితే వేడి సగానికి పడిపోతుందట. అందుకని మామ ఒక్కో క్యానుకు రెండేసి కాయిళ్ళు, రెండేసి స్విచ్చులు గీశాడు. బల్బు తెల్లగా ఉంటే ఒకటి, ఎర్రబడితే రెండూ.

అయితే వీటన్నిటికంటే ముందు ఎర్తు. కరెంటు ఎక్కడైనా తప్పితే మనిషి ఒంట్లోంచి పోకుండా నేలలోకి పోయే దారి అది. పెరట్లో మనిషి లోతు తవ్వి, రాగి రేకు పాతి, బొగ్గులూ ఉప్పూ పొరలు పొరలుగా వేసి, పైకి ఇనుప గొట్టం తెచ్చాడు. ఆ గుంట ఎండకూడదు. అందుకే రోజూ బిందెడు నీళ్ళు, నెలకోసారి గుప్పెడు ఉప్పు.

ఒక శుక్రవారం చూస్తే గొట్టానికి పసుపు పూసి ఉంది. మూడు కుంకుమ బొట్లు, పక్కన మట్టి ప్రమిద.

"ఎవురు పెట్టినారు ఇది?" అని మామ అరిచాడు.

గోడ అవతల నుంచి చెంగమ్మ తల ఎత్తింది. మా పక్కింటావిడ. "నేనే అన్నా. రోజూ నీళ్ళు పోస్తావు, ఉప్పు ఏస్తావు, నోరు తెరిచి ఎవురికీ చెప్పవు. ఏ తల్లిని నిలబెట్టినావో నువ్వు దాస్తే మాకు తెలీదా?"

"అది కరెంటుకు పెట్టింది చెంగమ్మా!"

"కరెంటుకు మాత్రం తల్లి వద్దా? ఎంతమంది షాకు కొట్టి పోతా వుండారు! నువ్వు వైర్‌మ్యానువి, నీకు తెలిసే పెట్టినావులే."

మామ లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "పోనీలేమ్మా. గొట్టం అనుకుంటే ఎవురైనా పీకి అమ్ముకుంటారు. తల్లి అనుకుంటే చెయ్యి పెట్టరు. మన ఎర్తు బద్రం." అప్పటి నుంచి శుక్రవారాలు నలుగురైదుగురు ఆడవాళ్ళు వచ్చి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. మా వీధిలో ఆ ఏడాది నుంచి ఎవరికీ షాకు కొట్టలేదని చెంగమ్మ లెక్క.

అలా అన్నీ సిద్ధమయ్యాయి. క్యాన్లు, కాయిళ్ళు, స్విచ్చు బోర్డు, చల్లార్చడానికి రాగి గొట్టం చుట్ట. అన్నీ వెనక గదిలో ఉండేవి, మెయిను మాత్రం కలపలేదు. నేను శుక్రవారం శుక్రవారం రాగి చుట్టను చింతపండుతో తోమేదాన్ని. మామ స్విచ్చులు వేసి చూసుకునేవాడు, కరెంటు లేకుండానే. టక్కు, టక్కు. ఆ చప్పుడు వింటూ ఇద్దరం ఆ గది గడప మీద కూర్చుండిపోయిన మధ్యాహ్నాలు ఎన్నో.

ఎనభై ఒకటిలో సట్టం మారింది, కడలు, అంటే మందు అంగళ్ళు, తెరిచారు. మా ఆయన తిరువళ్ళూరులో ఒక బీరు సీసా కొనుక్కుని వచ్చాడు.

"ఇదో నాయనా, నీ రెండో గ్లాసు. ఇంక ఆ క్యాన్లు తీసేస్తే నా సైకిలు లోపల పెట్టుకుంటా."

మామ గ్లాసులో పోసి ఎండకు ఎత్తి చూశాడు. వాసన చూశాడు. ఒక్క గుటక వేసి కళ్ళు మూసుకున్నాడు. మేమిద్దరం నిలబడి చూస్తున్నాము.

"ఇది కాదు" అన్నాడు.

"ఏంది కాదు? బీరే కదా?"

"బీరే. ఇది ఎవురో ఎవురికో చేసింది. దొరది దొర చేసుకున్నాడు."

మిగతాది కరివేపాకు చెట్టు మొదట్లో పోశాడు. "చూడు కస్తూరీ, రేపు చారు తాగినోళ్ళంతా తూలతారు" అని మా ఆయన గొణుక్కుంటూ సైకిలు మళ్ళీ బయటే పెట్టాడు. ఒక గుటకను గ్లాసుగా లెక్కపెట్టడానికి మామ ఒప్పుకోలేదు.

కడలో కొనొచ్చు సరే, ఇంట్లో కాచుకోవచ్చా అని అడగడానికి తిరువళ్ళూరు ఎక్సైజు ఆఫీసుకు పోయాడు. నన్ను కూడా తీసుకుపోయాడు, రాగుల సంగతి చెప్పాల్సి వస్తే అని. అక్కడి గుమాస్తా మంచివాడే. క్యాలెండరు కాగితాలు తిప్పి తిప్పి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఫ్యాక్టరీ పెడతావా?"

"లేదు సార్. ఒక గ్లాసు."

"వెయ్యి పీపాలకు ఫారం వుండాది. ఒక గ్లాసుకు లేదే!" అని నవ్వి, మామ ముఖం చూసి నవ్వు ఆపాడు. "ఇట్టా చూడు. పులిస్తేనే సట్టం. పులవనంత వరకు అది జావ. జావ కాచుకునేదానికి ఎవురి పర్మిట్టూ వద్దు. ఆ పైన నేనేం చెప్పలేను, అర్జీ రాసి ఇచ్చి పో."

మామ అర్జీ ఇచ్చాడు. జవాబు రాలేదు. బస్సులో తిరిగి వస్తూ, పాండూరు దాటాక, "జావ దాకా పోవచ్చంట" అన్నాడు, కిటికీలోకి చూస్తూ.

అయినా రెండేళ్ళు జావ దాకా కూడా పోలేదు. సగం దాకా పోయి ఆగడం ఆయనకు ఇష్టం లేదు. పోయిన ఏడు కార్తీకంలో ఆయాసం మొదలైంది. తిరుత్తణి డాక్టరు గుండె ఉబ్బిందన్నాడు, మెట్లు ఎక్కవద్దన్నాడు, ఉప్పు తగ్గించమన్నాడు. మామ ఇంటికి వచ్చి ముందు ఎర్తు గుంటలో ఉప్పు వేసి వచ్చాడు. "నాకు వద్దన్నారు గానీ దీనికి అనలేదు కదా" అన్నాడు.

మా ఆయన బతిమాలాడు. "స్విచ్చి వెయ్యి నాయనా. పూర్తిగా చేసుకో. ఎవురు చూస్తారు?"

"నేను చూస్తానే" అన్నాడు మామ.

తై నెలలో, సంక్రాంతి పోయాక, ఒక పొద్దున నన్ను పిలిచాడు. "రాగులు మొలకట్టి ఎండబెట్టినావు కదమ్మా. ఈ రోజు జావ దాకా పోదాం."

మెయిను కలిపే పని ఆయనే చేశాడు, కుర్చీలో కూర్చుని, నేను దీపం పట్టుకుంటే. ఒక్కో వైరు బిగించి, లాగి చూసుకుని కానీ తర్వాతదానికి పోలేదు. తర్వాత కుర్చీ గడప దగ్గర వేసుకుని బల్బు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"తెల్లగా వుండాది. ఒకటే ఎయ్యి."

వేశాను. ఎనిమిదేళ్ళు ఉత్తినే టక్కుమన్న స్విచ్చు ఈసారి టక్కుమని, కాసేపటికి క్యాను లోపల చిన్నగా మూలిగింది. నేను విసుర్రాయిలో బరకగా విసిరిన పిండి వేసి తెడ్డుతో తిప్పాను. వేలు ముంచాను. ఒకటి.

"పొలాల్లో మోటార్లు ఏసినారు. ఎర్రబడతా వుండాది. రెండోది ఎయ్యి."

టక్కు. వేలు. ఒకటి. గంటసేపు అలా ఆయన బల్బును చూశాడు, నేను వేలు ముంచాను. వెనక గదంతా కాలిన పిండి వాసన, తీపి ఆవిరి. ఆవిరిలో ఆయన ముఖం ఒకసారి కనబడుతూ ఒకసారి పోతూ ఉంది. గుడ్డలో వడగట్టి కాచేటప్పుడు మామ ఒక పౌడరు డబ్బా తెచ్చుకున్నాడు. అందులో కాగితం పొట్లం, పొట్లంలో పదో పన్నెండో ఎండిన పువ్వులు. దొర ఇచ్చిన చేదు పువ్వులట. పద్నాలుగేళ్ళకు వాటికి కాగితం వాసన తప్ప ఏమీ మిగల్లేదు. అయినా అన్నీ వేసేశాడు.

చెంగమ్మ గొట్టానికి బొట్టు పెట్టడానికి వచ్చి తల దూర్చింది. "ఏంది వాసన కస్తూరీ, సుట్టుపక్కలంతా?"

"రాగి జావ అక్కా. మామకు."

"జావకు ఇన్ని వైర్లా? మీ మామ ఉత్త నీళ్ళు కాచినా కరెంటాఫీసు దిగాల్సిందే."

రాగి చుట్టలో చల్లటి బావినీళ్ళు పారించి చల్లార్చాక, మామకు ఒక గ్లాసు ఇచ్చాను. బెల్లప్పాకం రంగు. నురుగు లేదు. ఆయన నిదానంగా, మొత్తం తాగాడు.

"ఎట్టుండాది మామా?"

"వాన ఇంకా పడలేదమ్మా" అన్నాడు. "గడ్డివామి మాత్రం వుండాది." గ్లాసు కింద పెట్టి, "ఇంక పులిసేదానికి ఈస్టు వేస్తే మిగతాది అదే చూసుకుంటాది. వెయ్యం. ఇది సగం గ్లాసు. లెక్కలో సగం" అన్నాడు.

మిగిలినది పారబోయడానికి నాకు చేతులు రాలేదు. ఇడ్లీ పిండి పెట్టే జాడీ ఖాళీగా ఉంటే నీళ్ళతో తొలిచి అందులో పోసి, గుడ్డ కట్టి, వంటింటి మూల పెట్టాను. ఆ మూడో రోజు తెల్లవారుజామున మామ పోయాడు. బిందె తీసుకుని పెరటి గడప దాకా వచ్చి, అక్కడే కూర్చున్నాడు. నాకు ఆ నిట్టూర్పు వినబడలేదు. అందుకే కాఫీ పెట్టకుండా బయటికి వచ్చి చూశాను.

తర్వాత ఇల్లంతా జనం. జాడీ సంగతి ఎవరికి గుర్తుంటుంది? పదహారో రోజు పొద్దున, దినానికి ముందు, ఇంట్లో పాతవన్నీ పారబోసి గిన్నెలు కడగడం మా ఆనవాయితీ. చెంగమ్మ కొంగు బిగించి బూడిదా పీచూ పట్టుకుని కూర్చుంది. నేను గిన్నెలు అందిస్తూ జాడీ దగ్గరికి వచ్చి వంగాను. లోపల నుంచి సన్నగా చప్పుడు. చెవి ఆనించాను. ఎవరో దూరంగా గొణుగుతున్నట్టు చిటచిట. గుడ్డ విప్పితే పైన తెల్లటి నురుగు. నేను ఏమీ వేయలేదు. ఎవరమూ వేయలేదు. అదే పులిసింది.

వడగట్టి గ్లాసులో పోశాను. మూతి దగ్గర పెట్టుకున్నాను. తడిసిన గడ్డి వాసన ఉందా? ఉందనే అనిపించింది. రొట్టె వాసన? తెలియదు. అవునో కాదో చెప్పగలిగిన ఒక్క మనిషికే ఆ పూట ఆకు వేస్తున్నాము.

ఆకులో అన్నం, వడ, మామకు ఇష్టమైన చిక్కుడుకాయ కూర పెట్టి, పక్కన ఆ గ్లాసు పెట్టాను. మా ఆయన చూశాడు. దణ్ణం పెట్టుకుని, అందరూ లేచాక, గ్లాసు తీసుకుని ఒక గుటక తాగి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. అచ్చం వాళ్ళ నాయన లాగా.

"పులుపు వుండాది" అన్నాడు. "నాయన 'ఇది కాదు' అనుండునా?"

"ఏమో."

"కడకు నాయమేనా ఇది?"

"మనం పులవబెట్టలేదు కదా" అన్నాను.

మిగిలినది తీసుకుపోయి ఎర్తు గుంటలో పోశాడు. ముందు గలగల, తర్వాత గుటకలు, చివర ఆ నిట్టూర్పు. పూర్తి గ్లాసు కాకపోయినా, ముందరి సగానికి ఈ సగం కలిపి లెక్క సరిపోయిందని నేను అనుకున్నాను. మామ ఒప్పుకునేవాడో లేదో.

చెంగమ్మ పెరట్లోంచి కేకేసింది. "అన్నీ అయిపోయినాయి కస్తూరీ. ఆ జాడీ గూడా ఇట్టియ్యి, కడిగేస్తా."

జాడీ అడుగున వేలెడు తెల్లటి మడ్డి ఉంది. ఇడ్లీ పిండి అంతా అయిపోయినా అడుగున కొంచెం ఉంచుతాము కదా, మర్నాటి పిండి పులవడానికి. అలాంటిదే.

"అది అట్టే వుండనీ అక్కా" అన్నాను. గుడ్డ మళ్ళీ కట్టి మూలకు జరిపాను. రాగులు రేపు నానబెట్టాలి. ఈ రోజు గిన్నెలన్నీ కడిగాము, ఆ జాడీ మాత్రం కడగలేదు.